యంత్రనిద్రయు నకలు రక్షణమును

తాటియాకు గ్రంథమునకు చెదలు, తేమ, అగ్ని సహజశత్రువులు. కావున గ్రంథమును రక్షించుట యనగా దానికి వేరొక ప్రతిని వ్రాయుటయే యని మన పూర్వులెరిగియుండిరి. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో పండితులను, లేఖకులను నియమించి, స్వంత ధనము వెచ్చించి తెలుగు కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ పనికి మనుష్యులు మేల్కొని కూర్చుండవలసియుండెను. మనుష్యుడు నిద్రించువేళ యంత్రమే తన నకలును తాను వ్రాసికొనునట్టి యేర్పాటు ఎట్లు కలిగెనో తెలిసికొనుట గ్రంథాలయ ప్రియులకు ఉపయుక్తము.

1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు చేరిన యూనివాక్ యంత్రము అయస్కాంతపు టేపులపై లెక్కలు వ్రాయుచుండెను. ఇట్టి పెద్ద యంత్రములలో టేపు చుట్టలను ఎక్కించుటకును దించుటకును మనిషి కావలసియుండెను. 1979లో బెల్ ప్రయోగశాల వెలువరించిన యూనిక్స్ ఏడవ కూర్పులో ‘క్రాన్’ అను కార్యక్రమము కలదు. నిర్ణీతమైన గంటకు నిర్ణీతమైన పనిని తానే ప్రారంభించుట దాని ధర్మము. ఆనాటి పెద్ద యంత్రములు రేయింబవళ్లు నడచుచుండెను గనుక గడియారమొక్కటి యున్న చాలెను.

చిన్న కంప్యూటరులు గృహములలో ప్రవేశించిన పిమ్మట కథ మారెను. విద్యుత్తును, బ్యాటరీని పొదుపు చేయుటకై యంత్రమునకు నిద్ర నేర్పిరి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1992లో ఒక పద్ధతిని, తోషిబాతో కూడి 1996 డిసెంబరులో ‘ఏసీపీఐ’ అను మేలైన పద్ధతిని ప్రకటించెను. నిద్రావస్థలో జ్ఞాపకశాలకు మాత్రమే కొంచెము విద్యుత్తు అందును, గణనభాగము ఆగిపోవును. ఇచ్చటనే చిక్కు పుట్టెను. నకలు తీయవలసిన గంట నిద్రించు యంత్రముపై నుండి గడచిపోవును. క్రాన్ దానిని మరల తలపెట్టదు. అయితే యంత్రములో నొక చిన్న గడియారము నిద్రలోను నడచుచునే యుండును. ఆ గడియారమునకు అలారము పెట్టి యంత్రమును లేపవచ్చును. లినక్స్‌లో ‘ఆర్‌టీసీవేక్’ అను ఆజ్ఞ యీ పని చేయును. విండోస్‌లో పనుల పట్టికయందే మేలుకొలుపు సౌకర్యము గలదు.

ఆ 1996వ సంవత్సరమే మరి రెండింటికి జన్మకాలము. జనవరిలో యూఎస్‌బీ ప్రమాణము వెలువడగా, బయటి డ్రైవును తగిలించుట క్రమముగా సులభమయ్యెను. జూనులో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ అనువారు ‘ఆర్‌సింక్’ను ప్రకటించిరి. అది మార్పు చెందిన భాగమును మాత్రమే పంపి నకలును అసలుతో సమానము చేయును.

ఈ సాధనములను కూర్చుటలో వరుస తప్పరాదు. యంత్రము మేల్కొనవలెను, డ్రైవు జతపడవలెను, నకలు ముగియువరకు యంత్రము మరల నిద్రించరాదు. వ్రాసినట్లు తోచిన సమాచారము కొంత జ్ఞాపకశాలలోనే నిలిచియుండును గనుక, అది డ్రైవునకు పూర్తిగా చేరిన పిదపనే దానిని విడదీయవలెను, అటుపిమ్మటనే నిద్ర. మధ్యలో విడదీసినచో నకలు చెడును. విడదీయక ఎల్లప్పుడు తగిలించి యుంచినను ప్రమాదమే. 2017 మే నెలలో లోకమును కలవరపెట్టిన ‘వానాక్రై’ చీడ, యంత్రముతో జతపడియున్న డ్రైవులలోని దస్తరములకు గూడ తాళము వేసెను. కావున డ్రైవు తీగను సయితము తొలగించి వేరుగ దాచుట క్షేమతరము.

ఇంత యేర్పాటుకును లోపమొకటి కలదు: యంత్రము విఫలమైనను మౌనముగ నుండగలదు. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ చిత్రము తయారగుచుండగా, పొరపాటున నడచిన తుడుపు ఆజ్ఞవలన చిత్రభాగములు తెరపైననే మాయమగుచుండెను. నకలున్నది గదా యని ధైర్యపడిరి. చూడగా ఆ నకలు సరిగా నడచుట లేదని తేలెను. పసిబిడ్డ కారణమున ఇంటినుండి పని చేయుచుండిన గాలిన్ సుస్మన్ అను సాంకేతిక దర్శకురాలి గృహయంత్రములో నున్న ప్రతియే వారికి ఆధారమయ్యెను. చిత్రము 1999లో వెలువడెను. రక్షించినది నిత్యము నడచు యేర్పాటు కాదు. వేరొక యింట నున్న మరియొక ప్రతి.

గ్రంథపట్టికలు, సభ్యుల పద్దులు, అరుదైన పుస్తకముల ఛాయలు కంప్యూటరులకెక్కుచున్న యీ దినములలో ఈ చరిత్ర గ్రంథాలయములకు పాఠము. నకలు తీయు భారమును యంత్రమునకు అప్పగింపవచ్చును. సరిచూచు భారము మనుష్యునిదే. ప్రతి రాత్రి పని ముగిసినదో లేదో యంత్రముచేత చిట్టా వ్రాయింపవలెను. ఉదయమున దానిని చదువవలెను. మాసమున కొకమారు నకలునుండి ఒక దస్తరమును తిరిగి తెరచి అసలుతో పోల్చవలెను. ఒక ప్రతి గ్రంథాలయములోను, ఒక ప్రతి వేరొక యింటను ఉండవలెను. సరిచూడని నకలు లేని నకలుతో సమానము.