ఎకరం పది గుంటల ఆట: హాకీ మెట్లు, మన వాడలు

ఆటకు కులం లేదని చెప్పేవాళ్ళు మైదానం ఎవరి భూమిలో ఉన్నదో అడగరు. హాకీ మైదానం 91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఎకరం పది గుంటలు. బడంగ్‌పేట్‌లో ఇప్పుడు ఎకరాల్లో, గుంటల్లో మాట్లాడేటోళ్ళు తక్కువ కాబట్టి గజాల్లోనే చెబుదాం: ఆరు వేల గజాలు. రెండు వందల గజాల ప్లాట్లు ముప్పై అన్నమాట. బాలాపూర్, నాదర్‌గుల్, మీర్‌పేటల నడుమ ఉన్న ఈ ఊరిలో ముప్పై ప్లాట్లు వదిలి పిల్లగాళ్ళ చేతికి కర్రలిచ్చే రియల్టర్ ఎవరు? శంషాబాద్ విమానాశ్రయానికి ఐదు వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. 2008 మార్చిలో విమానాలు ఎగిరినయి. దాని వెనుక ఔటర్ రింగ్ రోడ్డు, దాని వెనుక వెంచర్లు వచ్చినయి. 2020 జనవరి నాటికి బడంగ్‌పేట్ కార్పొరేషన్‌గా ఎన్నికలు జరుపుకున్నది. ఊరు నగరమైంది. ఊరికి దూరంగా ఉంచిన వాడ ఏమైందన్నది వేరే వ్యాసం. ఇక్కడ అడిగేది చిన్న ప్రశ్న. కింది మెట్టు మీద ఆడే ఒక ఫార్వర్డ్ పై మెట్టు దాకా ఎట్లా పోతడు? ఆ మెట్లు ఎవరు కట్టినరు, ఎవరి గడప దాకా కట్టినరు?

మన ఉద్యమ చరిత్ర రాసినప్పుడు మనం బడులు రాశాం, సంఘాలు రాశాం, పత్రికలు రాశాం. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన నాటి నుంచి హైదరాబాద్, సికింద్రాబాదుల్లో ఆది హిందువుల బడుల దాకా చెప్పుకున్నాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆట మన చరిత్రలోకి రాలేదు. ఆకలి, భూమి, అంటరానితనం ఉండగా ఆట గురించి ఏం రాస్తామన్న సంకోచం మన పరిశోధకులందరిలో ఉన్నది, ఇది రాస్తున్న నాలో కూడా. ఆ సంకోచం వల్ల లాభపడింది మాత్రం అగ్రకులాలే. ఆట వాళ్ళ ఖాతాలో పడిపోయింది.

హాకీ మన దగ్గరికి పలుగు పార పట్టుకొని రాలేదు, తుపాకీ పట్టుకొని వచ్చింది. 1806లో పుట్టిన సికింద్రాబాద్ కంటోన్మెంట్, 1893లో మొదలైన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మిషన్ బడులు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, ఇవీ ఆటకు తొలి ఇళ్ళు. కంటోన్మెంటుకు నీళ్ళు మోసింది, గుర్రపు లాయం ఊడ్చింది, తోలు పని చేసింది మన జనం. మైదానం చదును చేసే పని వేరు, అందులో ఆడే హక్కు వేరు. ఇది ఊహించి చెప్పే మాట కాదు. క్రికెట్‌లో చమార్ కులానికి చెందిన పల్వంకర్ బాలూ పూనాలో మైదానం పనివాడుగానే మొదలయ్యాడు. దొరలకు బంతులు వేసి వేసి బౌలర్ అయ్యాడు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా పూనాలో హిందూ జట్టుకు ఆడేటప్పుడు ఆయనకు టీ బయట, వేరే పాత్రలో ఇచ్చారు. బౌలింగు అందరికీ కావాలె, కప్పు మాత్రం వేరు.

ఇంకో సంగతి మాదిగ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. ప్లాస్టిక్ బంతి రాకముందు హాకీ బంతి తోలుది. దాన్ని కుట్టేది చేతులతోనే. దేశ విభజనకు ముందు సియాల్‌కోట్, తర్వాత జలంధర్, మీరట్‌లు క్రీడా సామగ్రికి కేంద్రాలు. ఆ పనిలో దళిత కులాల శ్రమ పెద్ద వాటా. అంటే ఈ దేశం 1928 నుంచి ఒలింపిక్స్‌లో వరుసగా బంగారు పతకాలు తెస్తున్న కాలంలో ఆ బంతి మన చేతుల మీదుగా పోయి ఇతరుల కాళ్ళ ముందు దొర్లింది. పతకాల చరిత్ర రాసినోళ్ళకు బంతి ఎవరు కుట్టినరో గుర్తు రాలేదు.

1928 ఆమ్‌స్టర్‌డాం జట్టుకు కెప్టెన్ ఒక ఆదివాసి, ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఐసిఎస్ శిక్షణలో ఉండి, సెలవు ఇవ్వకపోయినా ఒలింపిక్స్‌కు పోయినాడు. జట్టు నిర్వహణతో గొడవ వచ్చి ఫైనల్ ఆడకుండానే తప్పుకున్నాడు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు అయ్యాడు. తొలి బంగారు పతకం కెప్టెన్ ఫైనల్‌లో ఎందుకు లేడని మన పాఠ్యపుస్తకాలు పిల్లలకు చెప్పలేదు. ధ్యాన్‌చంద్ గోల్స్ మాత్రం చెప్పినయి.

ఇక ఆట రూపం మారిన సంగతి. 1975లో కౌలాలంపూర్‌లో భారత్ ప్రపంచ కప్పు గెలిచింది గడ్డి మీద. మరుసటి ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ పరిచారు. భారత్ ఏడో స్థానానికి పడిపోయింది. యూరప్ కుట్ర అని చాలా రాశారు. కుట్ర సంగతి ఏమోగాని, వర్గం సంగతి ఎవరూ రాయలేదు. మట్టి మీద ఆడే ఆటకు వెదురు కర్ర చాలు, వానాకాలం అయిపోయిన చెరువు శిఖం చాలు. చిర్రగోనె ఆడిన చెయ్యికి హాకీ కర్ర పట్టడం పెద్ద కష్టం కాదు. టర్ఫ్ అట్లా కాదు. కోట్ల రూపాయలు కావాలె. ఆటకు ముందు దాని మీద వేల లీటర్ల నీళ్ళు చల్లాలె. ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టే బస్తీ పిల్లకు ఆ నీళ్ళు చూస్తే ఏమనిపిస్తదో టీవీ వ్యాఖ్యాతలకు తెలియదు. పైగా మట్టి మీద నేర్చిన ఆట టర్ఫ్ మీద చెల్లదు. బంతి వేగం వేరు, వంగే తీరు వేరు, బూట్లు వేరు. పదిహేనేళ్ళ దాకా మట్టి మీద ఆడి వచ్చినోడిని సెలక్షన్ రోజు టర్ఫ్ మీద నిలబెడితే తేలేది ప్రతిభ కాదు, వాడి పిన్‌కోడ్.

ఫార్వర్డ్‌కు ఇది రెండింతల శిక్ష. డిఫెండర్ తప్పు చేయకుండా ఉంటే చాలు, పేరు నిలుస్తది. ఫార్వర్డ్‌ను లెక్కపెట్టేది గోల్స్‌తో. బంతి అందాలంటే వెనుకున్నవాడు ఇవ్వాలె. ట్రయల్స్‌లో ముఖం తెలియని పిల్లగాడికి, వేరే హాస్టల్ నుంచి వచ్చినోడికి పాసులు తక్కువ వస్తయి. మూడు బంతులు అందితే అందులో ఒకటి గోల్ చేయాలె. అట్లా చేసినా పెద్ద టోర్నీలకు జట్టులో 18 మంది, ఒలింపిక్స్‌కు 16 మందే. పదిహేడోవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

మరి మన దగ్గర నుంచి ఎవరూ పోలేదా? పోయినారు. హైదరాబాద్ నుంచి ఎన్. ముకేశ్ కుమార్ ఫార్వర్డ్‌గా బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ మూడు ఒలింపిక్స్ ఆడాడు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 32 ఏళ్ళ తర్వాత బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. 1995లో అర్జున, 2003లో పద్మశ్రీ. ఆయన కాలంలో పై మెట్టు అంటే లీగు కాదు, ఉద్యోగం. ఇండియన్ ఎయిర్‌లైన్స్, రైల్వే, పోలీసు, సైన్యం, ప్రభుత్వ బ్యాంకులు జట్లు నడిపేవి. క్రీడా కోటాలో కొలువు దొరికితే ఆటగాడి ఇంట్లో పొయ్యి వెలిగేది, వాడి ఆట బతికేది. మనకు ఇది కీలకం. రిజర్వేషన్ ఉన్న చోట ఆట కూడా ఉన్నది. ప్రభుత్వ రంగాన్ని అమ్మడం మొదలుపెట్టినాక పోయింది ఉద్యోగాలే అనుకున్నాం. మెట్లు కూడా పోయినయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఎయిరిండియాలో కలిసింది, ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి పోయింది. విమానాశ్రయం మన పక్కకే వచ్చింది, కాని విమానం కంపెనీలో హాకీ కొలువు దూరమైంది.

ఆ ఖాళీలోకి లీగులు వచ్చినయి. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది, మొదటి ఏడు హైదరాబాద్‌లోనే. విశేషం ఏమంటే దానికి రెండు అంతస్తులు. పైన ఐదు జట్లు, కింద రెండో శ్రేణి, కిందివాళ్ళు గెలిస్తే పైకి వచ్చే ఏర్పాటు. మొదటి ఏడు హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. దాని కెప్టెన్ దిలీప్ తిర్కీ, ఒడిశా సుందర్‌గఢ్ జిల్లా ఆదివాసి. నాలుగేళ్ళకే లీగు మూతపడింది. ఆ నాలుగో ఏడు 2008. మార్చిలో శంషాబాద్‌లో విమానాలు ఎగిరిన నెలలోనే భారత జట్టు చిలీలో బ్రిటన్ చేతిలో ఓడి, 1928 తర్వాత మొదటిసారి ఒలింపిక్స్‌కు అర్హత కోల్పోయింది. ఏప్రిల్‌లో ఒక టీవీ ఛానెల్ రహస్య కెమెరాలో హాకీ సమాఖ్య కార్యదర్శి ఒక ఆటగాడి ఎంపిక విషయంలో డబ్బు తీసుకుంటున్న దృశ్యం చూపింది. ఆయన రాజీనామా చేశాడు, సమాఖ్యను ఒలింపిక్ సంఘం సస్పెండ్ చేసింది. దేశమంతా ముక్కున వేలేసుకున్నది. వాడల్లో పుట్టి ట్రయల్స్‌కు పోయి తిరిగొచ్చినోళ్ళకు ఆ దృశ్యం చూసి ఆశ్చర్యం కలిగి ఉంటదని నేననుకోను.

సుందర్‌గఢ్ గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. మేకపోతు, కోడిపుంజు బహుమతిగా పెట్టి ఊరూరా టోర్నీలు ఆడే జిల్లా అది. వెదురుతో, అడవి కట్టెతో కర్రలు చేసుకున్నారు. అక్కడి నుంచి దిలీప్ తిర్కీ, లాజరస్ బార్లా, ఇగ్నేస్ తిర్కీ, అమిత్ రోహిదాస్, దీప్ గ్రేస్ ఎక్కా వచ్చారు. ఆదివాసులకు పుట్టుకతోనే ఆట వస్తదని పత్రికలు రాస్తయి. ఇది పొగడ్త రూపంలో ఉన్న కులవాదం. అసలు కారణాలు లెక్కపెట్టదగినవి. మిషన్ బడులు, రూర్కెలా ఉక్కు కర్మాగారం కొలువులు, 1985లో పెట్టిన పాన్‌పోష్ క్రీడా హాస్టల్. ఊరి ఆటను హాస్టల్ పట్టుకున్నది, హాస్టల్‌ను కొలువు పట్టుకున్నది. మన దగ్గర ఈ గొలుసులో ఏదో ఒక కొక్కెం ఎప్పుడూ తెగే ఉన్నది. గొలుసు కడితే ఏమైతదో మనకూ తెలుసు. 2014 మేలో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినారు. ఎవరెస్టు ఎక్కించగలిగిన సర్కారు ఎకరం పది గుంటలు ఇయ్యలేదా అంటే ఇయ్యగలదు.

పై మెట్టు ఎక్కినంత మాత్రాన వాడ వెంటరాదా? హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో పుట్టిన వందనా కటారియా దళిత బిడ్డ, ఫార్వర్డ్. తండ్రి బిహెచ్ఇఎల్‌లో పనిచేసినాడు. ఖోఖో నుంచి హాకీకి మారింది, హాస్టల్‌లో ఎదిగింది, 2013 జూనియర్ ప్రపంచ కప్పులో భారత్ కాంస్యం తెచ్చినప్పుడు జట్టులో ఎక్కువ గోల్స్ ఆమెవే. 2021 మేలో తండ్రి చనిపోతే క్యాంపులో ఉండి కడసారి చూపుకు పోలేకపోయింది. జూలై 31న టోక్యోలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారత మహిళ ఆమే. ఐదు రోజులు తిరగకముందే, ఆగస్టు 4న సెమీఫైనల్‌లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడగానే, ఆమె ఇంటి ముందు అగ్రకుల యువకులు పటాకులు కాల్చినారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడినారని కులం పేరుతో తిట్టినారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టవలసి వచ్చింది. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఆ పటాకుల చప్పుడు కొత్త కాదు. అయితే ఒక తేడా గమనించాలి. ఇక్కడ బిడ్డ ఓడలేదు, జట్టు ఓడింది. మూడు గోల్స్ కొట్టినప్పుడు ఆమె దేశపు బిడ్డ. ఓడినాక దళిత వాడ బిడ్డ. 2025 ఏప్రిల్‌లో 320 మ్యాచులు ఆడి, 158 గోల్స్‌తో ఆమె ఆట విరమించింది.

తెలుగు ఆడపిల్లలు కూడా వచ్చారు. చిత్తూరు పల్లె నుంచి గోల్‌కీపర్ ఇ. రజని 2016 రియో జట్టుకు రిజర్వ్‌గా ఉన్నది, ఏళ్ళ తరబడి మొదటి గోల్‌కీపర్ సవిత వెనుక తన వంతు కోసం నిలబడ్డది. నిజామాబాద్ నుంచి ఎండల సౌందర్య దేశానికి ఆడింది. నిలబడి ఎదురుచూడటం కూడా ఆటలో భాగమే, కాని దానికి తిండి, జీతం ఉండాలె.

2024 డిసెంబరులో హాకీ ఇండియా లీగ్ మళ్ళీ మొదలైంది. వేలంలో ఆటగాళ్ళ కనీస ధర రెండు లక్షలు, ఐదు లక్షలు, పది లక్షలు అని మూడు అరలు. మనిషికి అర కట్టడం మనకు పాత అలవాటే, ఇప్పుడు ధర కూడా కట్టినారు. హైదరాబాద్ తూఫాన్స్ అని జట్టు వచ్చింది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్‌లో 4–3తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. బాగానే ఆడింది, కాని ఆడింది ఎక్కడ? రూర్కెలాలో, బిర్సా ముండా పేరున్న స్టేడియంలో. మహిళల పోటీలు రాంచీలో జైపాల్ సింగ్ ముండా పేరున్న స్టేడియంలో. హైదరాబాద్ పేరు చొక్కా మీద ఉన్నది, హైదరాబాద్ నేల కాలి కింద లేదు.

నేల ఉన్నది మాత్రం గచ్చిబౌలిలో. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో భారత పురుషులు పాకిస్తాన్ మీద 3–1తో, మహిళలు దక్షిణాఫ్రికా మీద గెలిచిన హైదరాబాద్ అదే. బడంగ్‌పేట్ నగరానికి ఒక కొస, గచ్చిబౌలి మరో కొస. రెండు బస్సులు మారాలె. పొద్దున ఆరు గంటల ప్రాక్టీసుకు బడంగ్‌పేట్ పిల్ల ఎన్నింటికి లేవాలె, ఆమెకు తోడు ఎవరు పోవాలె, కూలికి పోయే తల్లి ఆ రోజు కూలి ఎవరియ్యాలె?

ఇంటి దగ్గర నేల కావాలంటే ఉన్న చట్టాలే చాలు. భూమి లేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది. చేతులు మారిన అసైన్డ్ భూమి తిరిగి తీసుకున్నప్పుడు దాన్ని వేలానికి పెట్టకుండా మొదట ఆ భూమి ఎవరిదో వాళ్ళకు, మిగిలినది వాళ్ళ పిల్లల బడికి అడగాలె. లేఅవుట్లలో పార్కు కోసం వదిలిన ఖాళీ జాగాల సర్వే నంబర్లు తీసుకొని తిరిగే పని విద్యార్థి సంఘాలు మొదలుపెట్టవచ్చు, సమాచార హక్కు దరఖాస్తు ఖరీదు పది రూపాయలు. ప్రభుత్వ ఉన్నత పాఠశాల టీచర్లు ఒక పని చేయాలె: బడి ఆవరణను టేపుతో కొలవాలె. 91 మీటర్లు రాకపోతే ఎంత తక్కువైందో, ప్రహరీ అవతల ఎవరి ఇల్లు లేచిందో రిజిస్టర్‌లో రాయాలె.

బడంగ్‌పేట్‌లో సాయంత్రం పూట అమ్ముడుపోని ప్లాట్లలో పిల్లలు ఇంకా ఆడుతున్నారు. హద్దు రాళ్ళే గోల్ పోస్టులు. కొన్నోళ్ళు వచ్చి పునాది తీసినప్పుడల్లా పక్క ప్లాటుకు జరుగుతున్నారు.