విని నేర్చిన విశ్వాసము: ఒంగోలుసీమ అరుంధతీయుల చరిత్రమున నొక ఘట్టము

మన కులచరిత్రమును వ్రాయబూనువారు తఱచుగా రెండు త్రోవలలో నడచుచుందురు. కొందఱు జాంబవంతునితో నారంభించి యరుంధతీదేవితో ముగింతురు. మఱికొందఱు జనాభా లెక్కలతో నారంభించి యుద్యోగముల లెక్కలతో ముగింతురు. రెండును వలసినవే. కాని యీ రెంటినడుమ మన ముత్తాతలును ముత్తవ్వలును తమ కాళ్లతో నడచిన దారి యొకటి కలదు. 1866 మొదలు 1878 వఱకుగల పండ్రెండేండ్లలో ఒంగోలుసీమయందు వేలకొలది మాదిగ కుటుంబములవారు క్రైస్తవ విశ్వాసమును స్వీకరించి, అందు నిలిచి, అందు పెరిగిన వృత్తాంతమే యది. మన సభయందు హిందువులును గలరు, క్రైస్తవులును గలరు. ఈ వృత్తాంతము క్రైస్తవులకు మాత్రమే చెందినదని యెవ్వరును తలపరాదు. ఆనాడు బాప్తిస్మము పొందినవారును, పొందనివారును ఒక్క లందచుట్టు బ్రదికినవారే. ఒక్క ముత్తాత సంతతివారే.

ఈ చరిత్రమును మొదట గ్రంథస్థము చేసినవారు దొరలు. అందుకు వారికి మనము ఋణపడియున్నాము. అమెరికా బాప్తిస్టు మిషనునకు చెందిన జాన్ క్లౌ దొరగారి స్వీయచరిత్రము 1914లో వెలువడినది. వారి ద్వితీయ కళత్రము మాదిగల కథలను గూర్చి వ్రాసిన పుస్తకము 1899లోనే వెలువడినది. వీనిని శ్రద్ధగా చదువువారికి ఒక్క విషయము తేటపడును. ఈ విశ్వాసమును పల్లెపల్లెకును మోసికొనిపోయినవారు మనవారే. మోసిన సాధనము నోటిమాట.

జీవితమంతయు సంస్కృతము బోధించిన నాకు ఇందొక వింత తోచుచుండును. వేదమునకు శ్రుతియని పేరు, అనగా వినబడినది. గురుముఖమున విని, వల్లెవేసి, నిలుపుకొనిన విద్య యది. వేదాంతులు జ్ఞానమునకు శ్రవణము, మననము, నిదిధ్యాసనము నను మూడు మెట్లను జెప్పుదురు: వినుట, విన్నదానిని తలపోయుట, తలపోసినదానియందు నిలుచుట. వేదము వినరాదని యెవరి చెవులకు నిషేధము విధింపబడెనో వారే యీ మూడు మెట్లను మఱియొక చోట నెక్కిరి.

వినుట మనవారికి క్రొత్తగాదు. చిందువారు ఆడి చూపిన జాంబపురాణమును, డక్కలివారు బొమ్మల పటము విప్పి చెప్పిన కులకథను మన పల్లెలు తరతరములుగా వినుచునే యుండెను. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో మాదిగ కక్కయ్య కథ నెఱుగనివారు మనలో నెవరు? ఆ సంప్రదాయపు రాజయోగము మాదిగవాడలలో గూడ వ్యాపించియుండెను. పగలు తోలు పదునుచేసి, రాత్రి గురువుకడ ధ్యానము నభ్యసించిన పెద్దలు ఆ దినములలో నుండిరి. కావున క్రైస్తవ బోధ వచ్చిపడినది బీడునేలమీద గాదు. దున్నియుంచిన చేనిమీదనే యా విత్తనము పడినది.

ఆ బోధ రాకయు నాలస్యముగానే జరిగినది. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరి తెలుగు మిషనును నెలకొల్పిరి. పదుమూడేండ్లు గడచినను ఫలము మిక్కిలి స్వల్పము. 1853లో అమెరికాయందలి మిషను పెద్దలు ఈ తెలుగు పనిని మూసివేయుదమా యని తర్కించిరి. మూయలేదు. మఱుసటి సంవత్సరము, 1854 జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున, లైమన్ జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండ యెక్కి మోకరించి, ఈ సీమకొఱకు ఒకరి తరువాత నొకరుగా ప్రార్థించిరి. మొత్తమైదుగురు. వారి కన్నులకు కనబడిన పల్లెలలో నొక్క సంఘమైనను లేదు. నేడు ఆ కొండను ప్రార్థన కొండ యనుచున్నారు. ఒంగోలున నొక సేవకుడు నిలుచుటకు పండ్రెండేండ్లు పట్టినది.

ఆ సేవకుడు రాకమునుపే మనవాడొకడు సిద్ధముగా నుండెను. ఆయన యెర్రగుంట్ల పేరయ్యగారు. రాజయోగ సాధకుడు, బండికట్ల వీరమ్మ యను గురువమ్మకడ నుపదేశము పొందినవాడు. తోళ్ల వ్యాపారముమీద నుత్తరదిక్కునకు పోయినప్పుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవ బోధ నాయన చెవిని బడినది. విన్న మాటను విడువక, అడిగి యడిగి, చివరకు జ్యూయెట్ దొరగారిని కలిసికొని, 1866లో భార్య నాగమ్మతోగూడ బాప్తిస్మము పొందెను. ఆ యేడే సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీని ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘ మేర్పడినది. ఆ నెలలోనే పేరయ్యగారి యూరగు తాళ్లకొండపాటికి క్లౌ దొరగారు పోగా, చుట్టుపట్ల పల్లెలనుండి జనులు అన్నపు మూటలతో వచ్చి, చింతతోపులో కూర్చుండి, కొన్ని దినములు బోధ వినిరి. ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. దొరగారు వచ్చుటకు ముందే ఆ జనమును సిద్ధపఱచినవారెవరు? పేరయ్య నాగమ్మలే గదా! దంపతులు బంధువులయిండ్ల కరిగి, తాము విన్నదానిని తమ మాటలలో చెప్పియుండిరి. తోళ్ల బేరమునకై నడచిన దారులును, పెండ్లిసంబంధములకై నడచిన దారులును బోధ నడచిన దారులైనవి.

ఈ సమయముననే ఒంగోలున నొక చిక్కు పుట్టినది. మిషను బడిలో బ్రాహ్మణ బాలురు చదువుచుండిరి. మాదిగలను చేర్చుకొందురేని మా పిల్లలను బంపమని వారి పెద్దలు తెగవేసి చెప్పిరి. అగ్రకులములవారు కొందఱు చేరినచో తక్కినవారు వారివెంట వత్తురని క్లౌ దొరగారికి ఆశ యుండెను. ఆ సందిగ్ధములో దంపతులిరువురును వేఱువేఱు గదులలో బైబిలు తెఱచి చదువగా, ఇరువురి కన్నులును పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని యొక్క భాగముననే నిలిచినవట. దేవుడు ఘనులను గాక యెన్నికలేనివారిని ఏర్పఱచుకొనెనను భావముగల భాగమది. దొరగారు మాదిగలను చేర్చుకొనిరి. ఆ బడి చెదరిపోయినది. చదివిన వాక్యమునకు వెల చెల్లించుట యట్టిది.

మనవారు చెల్లించిన వెల యింతకంటె నెక్కువ. బాప్తిస్మము కోరువారికి ముఖ్యముగ మూడు నియమములు విధింపబడినవి: ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు స్వల్పములు, ఆచరించుటకు దుర్ఘటములు. మాదిగవాడు ఊరికి వెట్టివాడు. కరణము పిలిచినప్పుడు పోవలెను. రైతు కపిలబొక్కెనకు తొండము కుట్టవలెను. జాతరనాడు డప్పు కొట్టవలెను. వీనికి ప్రతిఫలము కళ్లమున దొరకు మేర గింజలును, ఊరిలో చచ్చిన పశువును. ఆదివారము పనికి రానన్నచో రైతునకు కోపము. డప్పు కొట్టనన్నచో ఊరంతకును కోపము. కళేబరము ముట్టనన్నచో కఱవునాడు కడుపునకే దెబ్బ. చాలచోట్ల మనవారికి నీళ్లు ఆపిరి, పని మాన్పిరి, కొట్టిరి, తప్పుడు వ్యాజ్యములు పెట్టిరి. ఐనను నిలిచినవారు నిలిచిరి. ఏడు దినములలో నొక దినము నాది కాదు, దేవునిది, కావున నీదియు గాదని భూస్వామితో చెప్పగలిగిన మొదటి మాదిగవాని ధైర్యమును మనము తలచికొనవలెను. విశ్రాంతిదినాచారము భక్తిసాధన మాత్రమే గాదు. వెట్టిచాకిరి కంఠమున బడిన మొదటి యడ్డుకట్ట యది. కఠోపవాసములకంటె నిదియే కఠినమైన తపస్సు.

అక్షరము రానివారు ఇంతటి నియమమున నెట్లు నిలిచిరి? కథలచేత నిలిచిరి. పగలు పని, రాత్రి దీపపు వెలుగున కూటము. ఉపదేశి యొక కథ చెప్పును, కీర్తన పాడించును, పది యాజ్ఞలు, ప్రభువు ప్రార్థన వల్లెవేయించును. మా నాయనమ్మకు అక్షరము రాదు. కాని మోషే కథ మొదలు పేతురు కథవఱకు ఆమెకు కంఠస్థము. తన నాయనమ్మవలన విన్నదట. ఆమెకు మిక్కిలి యిష్టమైనది యొప్పేలోని సీమోను కథ. "పేతురు ఎవరింట దిగినాడురా, నాయనా?" అని యడుగును. "చర్మకారుడైన సీమోను ఇంట" అని మేము చెప్పవలెను. "లంద కంపు కొట్టలేదా?" అని మరల నడుగును. "కొట్టినా ఉన్నాడు" అని మేమందఱము కేకవేయవలెను. ఏది శుద్ధము, ఏది యశుద్ధము నను దర్శనము పేతురునకు కలిగినది ఆ చర్మకారుని మిద్దెమీదనే యన్న సంగతిని ఏ వ్యాఖ్యానమును చదువక ముందే నేనెఱుగుదును. ఐగుప్తులో ఇటుకలు కోసిన దాసుల కథయు, కఱవులో విధవ తొట్టిలోని పిండి తఱగని కథయు మా వాడ కథలవలెనే యుండెను. శ్రవణము మననమైనది యిట్లు.

ఈ విద్యకు గొప్ప పరీక్ష 1876-78 సంవత్సరముల కఱవులో వచ్చినది. పశువులు చచ్చినవి, గింజ లేదు, దానివెనుక విషూచి. క్లౌ దొరగారు యౌవనమున భూమి కొలతల పని నేర్చినవారగుటచే, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు గుత్త తీసికొని కూలి కల్పించిరి. ఉపదేశులే మేస్త్రీలైరి. విశ్రాంతివేళ మట్టితట్టలు దించి కూర్చున్న జనులకు, భారము మోయువారిని ప్రభువు తనకడకు పిలిచిన వాక్యమును వారు బోధించిరి. తలమీది తట్ట నపుడే దించినవానికి ఆ మాట యర్థమగుటకు టీక యవసరమా?

అన్నము కొఱకు మతములో చేరిరను నింద నేటికిని వినబడుచున్నది. దానికి జవాబుగా నొక సంగతి చెప్పవలెను. కఱవు సహాయము జరిగిన దినములలో, ఎందఱు కోరినను, పదునైదు నెలలపాటు దొరగా రొక్కనికిని బాప్తిస్మ మీయలేదు. సహాయము ముగిసి, ఇక ధనము లేదని చెప్పిన పిమ్మటనే యిచ్చిరి. 1878 జులైలో గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ 2వ తేదీని 614 మందికి, 3వ తేదీని 2,222 మందికి, 4వ తేదీని 700 మందికి, మూడు దినములలో వెరసి 3,536 మందికి బాప్తిస్మము జరిగినది. 3వ తేదీని నీటిలో నిలిచి ఇద్దఱిద్దఱు చొప్పున వంతులవారీగా బాప్తిస్మ మిచ్చిన యార్గురును తెలుగు బోధకులే.

ఐనను సత్యమును దాచరాదు. ఇంతమంది యొక్కసారి చేరగా, నేర్పువారు చాలకపోయిరి. రామాపట్నమున 1872లో వేదాంత పాఠశాల యేర్పడియుండెనుగాని, వందలాది పల్లెలకు దాని విద్యార్థులు సరిపోలేదు. కొందఱు వెనుకకు మరలిరి. బాప్తిస్మ మొకదినపు పని. విశ్వాసమున పెరుగుట జీవితకాలపు పని. మఱియు మాల మాదిగ భేదము క్రైస్తవమునందును తొలగలేదు. ఒక మిషనున నొకరు, మఱియొక మిషనున మఱియొకరు చేరి, పాతగోడకు క్రొత్త సున్నము పూసిరి. పేతురు దర్శనమును కంఠస్థము చేసినవారు ఇంతటితో నాగుట మన లోపమే.

దేశస్వాతంత్ర్యానంతరము వేఱొక గోడ లేచినది. 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల స్థితిని హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపబడినదిగాని క్రైస్తవులకు విస్తరింపబడలేదు. అందుచే నొక్క తల్లి బిడ్డలలో నొకడు కాగితముమీద నొకటియు, ఇంటిలో మఱియొకటియు నగుచున్నాడు. ఎవని నేరమో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము గాదు. కాని భయముచేత ముత్తాత పేరును, ఆయన విశ్వాసమును పిల్లలకు చెప్పక దాచు నిండ్లు మనలో గలవు. ఉత్తర్వు మన హక్కును తగ్గింపగలదు. మన జ్ఞాపకమును తగ్గించునధికారము దానికి లేదు. దానిని మనమే యిచ్చివేయుచున్నాము.

పుస్తకము లేని దినములలో కథ యుండెను. నేడు ప్రతి యింటను ముద్రిత గ్రంథ మున్నది, చరవాణిలో నున్నది, రాత్రి దీపముకడ కూర్చుండి "సీమోను ఎవడురా?" యని యడుగు నాయనమ్మ లేదు. కావున సభ్యులకును, పోషకులగు మహాశయులకును నా విన్నపము. ప్రతి కుటుంబమును తమ పెద్దలలో నెవరు మొదట బోధ వినిరో, దానికై యేమి కోల్పోయిరో వ్రాసి సంఘమునకు పంపవలెను. బోధలో చేరని కుటుంబములును తమ పెద్దల కథలను, చిందువారు, డక్కలివారు చెప్పిన కథలను వ్రాసి పంపవలెను. వచ్చు వార్షికసభలో నొక రాత్రి జాంబపురాణమును, బైబిలు కథలను ఒక్క వేదికమీద చెప్పించవలెను. వినుటకు పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టవలెను.

ముత్తవ్వలు విని నిలిచిరి. మనము చదివి మఱచుచున్నాము. మరల వినుట యారంభింతము.