పసికడుపుకు పాలు చేరిన దారి

బిడ్డకు గొట్టం ద్వారా పాలు పట్టాలని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. పరిస్థితి చెయ్యి దాటిపోయిందేమోనని హడలిపోతారు. పాలు పీల్చే ఓపిక లేని నెలతక్కువ బిడ్డకూ, మింగింది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదమున్న బిడ్డకూ ఆ సన్నని గొట్టమే అన్నం పెట్టే చెయ్యి. మింగలేని మనిషి కడుపులోకి దారి చేయడం వైద్యులకు రెండు వందల ఏళ్లకు పైగా తెలుసు. ఆ దారిలో ఏం పంపాలి, ఎంత పంపాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నవి తేలడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది పసివాళ్లే.

లండన్ సర్జన్ జాన్ హంటర్ 1790లో, మింగే కండరాలు పడిపోయిన ఒక రోగికి, తిమింగలం నోటి నుంచి తీసిన వంగే పుల్లకు ఈల్ చేప తోలు తొడిగి, దాన్ని గొంతులోంచి కడుపులోకి దించాడు. గుడ్లు గిలక్కొట్టిన నీళ్లు, పాలు, పంచదార, ద్రాక్షసారా అందులోంచి పోశాడు. రోగి కోలుకున్నాడు. కానీ అలాంటి మోటు సాధనాన్ని కిలోన్నర పసికందు గొంతులో దించే మాటే లేదు. మెత్తటి రబ్బరు గొట్టాలు వచ్చేదాకా, అంటే పందొమ్మిదో శతాబ్దం రెండో సగం దాకా, పిల్లల విషయంలో పెద్దగా ఏమీ కదల్లేదు.

కదిలించినవాడు పారిస్ ప్రసూతి వైద్యుడు ఎతియెన్ స్టెఫాన్ టార్నియే. జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టెలు చూసి, అలాంటిదే నెలతక్కువ పిల్లలకూ చేయించాడని ఆయన గురించి అందరూ చెప్పుకుంటారు. 1880 తర్వాత మెటర్నిటే ఆసుపత్రిలో ఆ వెచ్చని పెట్టెలు వచ్చాక, రెండు కిలోలకు తక్కువ బరువున్న పిల్లల్లో మరణాలు నూటికి 66 నుంచి 38కి తగ్గాయి. పెట్టె కథ అంత పేరు తెచ్చుకోవడంతో రెండో కథ మరుగున పడింది. వెచ్చగా ఉంచినా పాలు పీల్చలేని పిల్లలు చిక్కి చనిపోతూనే ఉన్నారు. 1884 ప్రాంతంలో టార్నియే ఎర్ర రబ్బరు గొట్టానికి ఒక చివర చిన్న గాజు గిన్నె బిగించి, బిడ్డ నాలుక మీదుగా రెండో చివర కడుపులోకి జార్చి, తల్లిపాలు కొద్దికొద్దిగా పోయించాడు. పాలు దిగగానే గొట్టం బయటికి తీసేయాలి. మళ్లీ పూటకు మళ్లీ వేయాలి. రోజంతా ఇదే పని. ఎక్కువ పోస్తే బిడ్డకు నీరు పట్టి ఒళ్లు ఉబ్బుతోందని కూడా ఆయన గమనించాడు. మోతాదు గురించిన తొలి హెచ్చరికల్లో అదొకటి.

ఆయన శిష్యుడు పియెర్ బుదాఁ ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. పిల్లలను రోజూ తూచి, బరువును బట్టి పాలు లెక్కకట్టాడు. తల్లిని బిడ్డకు దూరం చేస్తే పాలే కాదు, మమకారం కూడా తగ్గిపోతుందని గట్టిగా చెప్పాడు. నర్సులు మాత్రమే చూసుకోవాలని తల్లిని గుమ్మం బయట నిలబెట్టిన వార్డులు ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు నడిచాయో తలచుకుంటే, బుదాఁ మాటను ప్రపంచం వినకపోవడం ఎంత నష్టమో అర్థమవుతుంది. న్యూయార్క్‌లో ఎమెట్ హోల్ట్ 1894లో నెలతక్కువ పిల్లలకే కాక, తీవ్రంగా జబ్బుపడిన పిల్లలందరికీ గొట్టంతో ఆహారం ఇవ్వవచ్చని రాశాడు. మన ఆసుపత్రుల్లో ఈ రోజుకీ వినపడే రైల్స్ ట్యూబ్ లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ 1921లో చేసింది. కడుపులో రసాన్ని పరీక్షకు తీయడం కోసం చేసిన ఆ గొట్టం తర్వాత ఆహారానికీ దారి అయింది.

ఇక్కడ చరిత్ర వెనక్కి నడిచింది. 1940, 50లలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ చాలా ఆసుపత్రులు నెలతక్కువ పిల్లలకు పుట్టిన ఒకటి రెండు రోజులు, కొన్నిచోట్ల మూడు రోజుల దాకా, పాలూ నీళ్లూ ఏమీ ఇవ్వకుండా ఉంచేవి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయన్న భయం ఒక కారణం. ఒళ్లు ఉబ్బిన పిల్లల్లో నీరు ఎక్కువైందన్న ఊహ మరొకటి. ఆ భయంలో కొంత నిజం ఉంది గానీ, ఆకలికీ ప్రమాదం ఉంటుందని లెక్కలోకి తీసుకోలేదు. రక్తంలో చక్కెర పడిపోయింది, కామెర్లు పెరిగాయి, బతికినవాళ్లలో కొందరికి కాళ్లు బిగుసుకుపోయే మెదడు దెబ్బలు కనిపించాయి. 1964లో ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు విక్టోరియా స్మాల్‌పీస్, పమేలా డేవిస్ పుట్టిన రెండు గంటల్లోపే, నీళ్లు కలపని తల్లిపాలను గొట్టం ద్వారా ఇచ్చి, పిల్లలు తట్టుకుంటున్నారని చూపించారు. కొత్త యంత్రమేదీ అక్కరలేకుండా, గడియారం చూసి త్వరగా మొదలుపెట్టడంతోనే ఇంత మార్పు తెచ్చిన ఆ ఇద్దరి పేర్లు వైద్య విద్యార్థులకైనా ఎందరికి తెలుసు?

ఆ ఇద్దరు డాక్టర్లకూ కలిసొచ్చింది ప్లాస్టిక్. 1951లో పాలిథీన్ గొట్టాన్ని నెలతక్కువ పిల్లల కడుపులో అలాగే ఉంచి పాలివ్వవచ్చని అమెరికన్ వైద్యులు రాశారు. ప్రతి పూటా కొత్తగా దించే బాధ తప్పింది. తర్వాత వచ్చిన పాలియురిథేన్, సిలికాన్ గొట్టాలు ఇంకా మెత్తనివి, వారాల తరబడి ఉంచదగ్గవి.

ఈ రోజు నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో (ఎన్‌ఐసీయూ) సిస్టర్ ఆ పని చేస్తుంటే చూడాలి. ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక కొసకూ బొడ్డుకూ నడిమి దాకా గొట్టాన్ని ఆనించి, కొలిచి, గుర్తు పెడుతుంది. పసికందులు ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు గనక చాలాసార్లు నోటి ద్వారానే దించుతారు. సిరంజితో కొంచెం వెనక్కి లాగి, వచ్చిన రసాన్ని కాగితపు పట్టీతో పరీక్షిస్తుంది. ఆమ్ల గుణం ఉంటే గొట్టం కడుపులోనే ఉందన్నమాట. తర్వాత సిరంజిలోంచి పిస్టన్ తీసేసి, ఒట్టి గొట్టాన్ని బిడ్డకు జానెడు ఎత్తున పట్టుకుని, తల్లి స్టీలు గ్లాసులోకి పిండిచ్చిన పాలు పోస్తుంది. పాలు తమ బరువుకే దిగాలి, నొక్కి తోయకూడదు. కడుపు ఉబ్బినా పచ్చటి పసరు వచ్చినా ఆపేసి డాక్టరును పిలుస్తుంది.

కడుపూ పేగులూ పనిచేయని బిడ్డ సంగతేమిటి? 1944లో హెల్‌ఫ్రిక్, ఏబెల్సన్ అనే అమెరికన్ వైద్యులు ఎముకల గూడైన అయిదు నెలల బిడ్డకు గ్లూకోజు, ప్రొటీను విచ్ఛిత్తి ద్రవం, ఆలివ్ నూనె కలిసిన ఆహారాన్ని అయిదు రోజులు నరం ద్వారానే ఎక్కించారు. అసలు మలుపు ఫిలడెల్ఫియాలో వచ్చింది. స్టాన్లీ డడ్రిక్, డగ్లస్ విల్మోర్ మొదట కుక్కపిల్లలను కేవలం నరం ద్వారా పెంచి చూశారు. తర్వాత పేగు దాదాపు లేకుండా పుట్టిన ఆడబిడ్డకు అదే పద్ధతి వాడారు. గాఢమైన చక్కెర ద్రవం చిన్న నరాలను కాల్చేస్తుంది గనక, గుండెకు దగ్గర్లోని పెద్ద సిరలోకి గొట్టం దించి, రెండో కొసను చర్మం కిందుగా చెవి వెనక్కి తెచ్చారు. బిడ్డ ఎదిగింది, బరువు పెరిగింది. 1968లో ఆ సంగతి ప్రచురించారు. ఆమె 22 నెలలు బతికి చివరికి చనిపోయింది. నోట మెతుకు పడకుండా బిడ్డ ఎదగగలదని ప్రపంచానికి తెలిసింది ఆమె వల్లే. స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ 1960ల మొదట్లో సోయా నూనె, గుడ్డు సొనలోని ఫాస్ఫోలిపిడ్లతో చేసిన ఇంట్రాలిపిడ్ కొవ్వును కూడా నరం ద్వారా ఇచ్చే దారి తెరిచింది. నెలల తరబడి ఇలా ఎక్కించిన పిల్లలకు ఇన్ఫెక్షన్లు, కాలేయం చెడటం కొత్త బాధలయ్యాయి. అందుకే పేగు ఏ కాస్త పనిచేసినా దానికి కాస్తయినా పాలు చేర్చాలన్న పట్టు వైద్యుల్లో పెరిగింది.

ఏళ్ల తరబడి గొట్టం కావలసిన పిల్లలకు పొట్టమీదనే రంధ్రం పెట్టడం పాత పద్ధతే. 1876లో పారిస్‌లో సర్జన్ వెర్నోయ్, దాహక ద్రవం తాగి అన్ననాళం మూసుకుపోయిన 17 ఏళ్ల కుర్రాడికి అలా చేసి బతికించాడు. పొట్ట కోయకుండా ఆ పని చేసింది 1979లో, క్లీవ్‌లాండ్‌లో. ఎండోస్కోపు దీపం పసిబిడ్డ పలుచటి పొట్ట గోడలోంచి బయటికి వెలుగుతుండటం చూసి పిల్లల సర్జన్ మైకేల్ గాడరర్‌కు ఆలోచన వచ్చింది. వెలుగు కనిపించే చోట సూది గుచ్చి, దారం లోపలికి పంపి, నోట్లోంచి లాగి, దానికి గొట్టం కట్టి వెనక్కి లాగితే సరి. ఎండోస్కోపీ నిపుణుడు జెఫ్రీ పాన్‌స్కీతో కలిసి ముందు చేసింది పసిబిడ్డకే. ఈ రోజు పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకు వేసే పెగ్ ట్యూబ్ అలా పిల్లల వార్డులో పుట్టిందే.

హైదరాబాదుకు ఈ కథలో సొంత చోటు ఉంది. కూనూరు నుంచి 1958లో ఇక్కడికి తరలివచ్చిన పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఆయన సహచరులు పిల్లల ఆకలిని దగ్గరగా చదివారు. ప్రపంచమంతా ప్రొటీను లోటు గురించి మాట్లాడుతున్న రోజుల్లో, మన పిల్లలకు ముందు కొరవడింది కడుపునిండా తిండేనని వాళ్లు వాదించారు. 1973లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు రోజుకు 310 కాలరీలు, 3 గ్రాముల ప్రొటీను అదనంగా ఇస్తే ఎదుగుదల మెరుగైంది. ఏం పెట్టాలన్న ప్రశ్నకు ఇంత తేటగా జవాబిచ్చిన పని అరుదు.

ఎంత వేగంగా పెట్టాలన్నది జమైకాలో జాన్ వాటర్‌లో అనే వైద్యుడు మొదలుపెట్టిన పరిశోధనల వరుసలో తేలింది. శుష్కించిన బిడ్డకు జాలితో ఒక్కసారిగా కడుపునిండా పెడితే, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోయి గుండె ఆగిపోవచ్చు. అందుకే మొదటి రోజుల్లో 100 మిల్లీలీటర్లకు 75 కాలరీలే ఉండే ఎఫ్-75 పాలు, రెండు గంటలకోసారి, కొద్దికొద్దిగా ఇస్తారు. తాగలేకపోతే ముక్కు గొట్టంతో పట్టిస్తారు. ఆకలి తిరిగి వచ్చాకే అంతకంటే గాఢమైన ఎఫ్-100. మన పోషకాహార పునరావాస కేంద్రాల్లో పాలు, పంచదార, నూనె కలిపి వంటగదిలోనే ఈ పాలను తయారుచేస్తారు.

నెలతక్కువ పిల్లలకు పాలు పెంచే వేగం మీద చర్చ నడుస్తూనే ఉంది. 2019లో వెలువడిన బ్రిటన్, ఐర్లండ్ పరీక్షలో రోజుకు కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున పాలు పెంచినా, 18 చొప్పున పెంచినా వైకల్యం లేకుండా బతికిన పిల్లల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆలస్యం చేస్తేనే క్షేమమన్న పాత నమ్మకానికి ఆధారం ఇంకొంచెం సడలింది. తల్లి ఒంటికి బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1978లో బొగోటాలో మొదలైంది. పుట్టిన వెంటనే అలా చేస్తే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని 2021లో వచ్చిన పరీక్ష చెప్పింది. అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. తల్లి పాలు చాలకపోతే దాతల పాలు ఉన్నాయి. ముంబై సయాన్ ఆసుపత్రిలో 1989లో ఆర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టిన పాల బ్యాంకు దారిలో హైదరాబాదు నీలోఫర్‌లోనూ ఒకటి వెలిసింది.

గర్భం లెక్కన ముప్ఫై నాలుగు వారాల ప్రాంతంలో బిడ్డకు పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం కుదురుతాయి. అప్పుడు మన వార్డుల్లో గొట్టానికీ రొమ్ముకూ మధ్య అడుగు ఉగ్గుగిన్నె. దాని ముక్కును బిడ్డ కింది పెదవికి ఆనించి, బిడ్డ నాలుక ముందుకొచ్చి తానే అందుకునేంత వంచితే చాలు.