సోనా ఉన్సురా, మురక్కబా?

రాగిని సోనా చేసే అక్సీర్ కోసం ఉమ్ర్ అంతా భట్టీ ముందు గడిపిన కీమియాగర్ల ఖిస్సాలు మనం విన్నవే. వాళ్లు బేవకూఫ్‌లని నవ్వేయడం ఆసాన్. కానీ వాళ్ల ఉమ్మీద్ వెనుక ఒక దలీల్ ఉంది.

జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో మనకు చేరిన కితాబులు ఏమంటాయంటే, ధాతువులన్నీ పారా (పాదరసం), గంధక్‌లతోనే పుడతాయి. వాటి పాళ్లు, సఫాయీ మారితే ధాతువు మారుతుంది. అంటే సోనా కూడా ఒక మురక్కబ్, కొన్ని పదార్థాలు కలిసి ఏర్పడినది. అలాగైతే పాళ్లు సరిచేస్తే చాలు కదా!

ఈ ఖయాల్ గాలిలోంచి రాలేదు. పారా, గంధక్ కలిపి కాచి ఎర్రటి షింగర్ఫ్ చేయడం వాళ్లకు తెలుసు. మన తెలుగులో అదే ఇంగిలీకం. అందులో పారా మెరుపూ ఉండదు, గంధక్ పసుపూ ఉండదు. గాలి తగిలేలా కాలిస్తే పారా మళ్లీ బయటికొస్తుంది. (ఇంట్లో చేసి చూడకండి, ఆ ఆవిరి జహర్!) అస్లీ మురక్కబ్ అంటే ఇదే. 100 గ్రాముల షింగర్ఫ్‌లో పారా దాదాపు 86 గ్రాములు, మిగతాది గంధక్. ఎక్కడ తీసినా అదే లెక్క.

మరి సోనాను ఎంత కాల్చినా లోపలి నుంచి ఇంకేదీ రాదు. ఇబ్న్ సీనా (980–1037) తన 'కితాబుష్షిఫా'లో సాఫ్‌గా చెప్పారు: కీమియాగర్లు రంగు మార్చగలరు, నకల్ చేయగలరు, ధాతువు అసలు జాతిని మార్చలేరు.

1789లో ఫ్రాన్స్‌లో లావోజియే, ఇక విడదీయలేని పదార్థమే ఉన్సుర్ (మూలకం) అని 33 పేర్ల జాబితా రాశారు. సోనా, పారా, గంధక్ మూడూ అందులో ఉన్నాయి. చూనా కూడా ఉంది, కానీ తర్వాతి తజుర్బాల్లో అది మురక్కబ్‌గా తేలింది. సోనా మాత్రం నిలిచింది. దాని ప్రతి పరమాణువు కేంద్రంలో 79 ప్రోటాన్లుంటాయి. భట్టీ మంట అక్కడిదాకా చేరదు.

ఇవాళ్టికీ సోనా చేసిస్తామని, రెట్టింపు చేస్తామని వచ్చే ధోకేబాజ్‌లు ఉన్నారు. అమ్మీల జేవర్ వాళ్ల చేతిలో పెట్టే ముందు ఇబ్న్ సీనా మాట యాద్ చేసుకోండి. పిల్లలకు జాబిర్ పేరు ఫఖర్‌గా చెప్పండి, ఆయన పేరుతో వచ్చిన మాటను ప్రశ్నించిన ఇబ్న్ సీనా గురించీ చెప్పండి. ఇల్మ్ పెరిగింది ఆ ఇద్దరి వల్లా.