ఇంటి విస్తరణ వేళ భూగర్భ మురుగు గొట్టాల రక్షణ: గృహ యజమానులు పాటించవలసిన జాగ్రత్తలు

కరీంనగర్ పురపాలక సంఘం 2005లో నగరపాలక సంస్థగా మారింది. నగరం విస్తరిస్తున్న కొద్దీ పాత ఇళ్లకు వెనుక వంటగదినో, పక్కన స్నానాల గదినో కలుపుకోవడం సర్వసాధారణమైనది. అయితే మురుగునీటిని వీధి కాలువకు గాని, సెప్టిక్ ట్యాంకుకు గాని చేర్చే గొట్టం తరచుగా ఇంటికి, ప్రహరీకి మధ్యనున్న ఖాళీ స్థలంలోనే, అడుగు రెండడుగుల లోతున ఉంటుంది. కొత్త పునాది పడేదీ అక్కడే. ఆ బరువుకు గొట్టం పగిలినచో మురుగు నేలలోకి ఇంకి బోరు నీటిని కలుషితం చేస్తుంది. నల్లరేగడి నేలల్లో తడికి మట్టి ఉబ్బి గోడలు బీటలు వారుతాయి.

తవ్వకానికి ముందు: గొట్టానికి రెండు చివరల ఉన్న చాంబర్ల మూతలు తెరచి, రంగు కలిపిన నీటిని పోసి ప్రవాహ మార్గాన్ని నిర్ధారించుకోవాలి. పునాదికి ముగ్గు పోసేముందే గొట్టం దారికి ముగ్గు పోయాలి. దాని సమీపంలో యంత్రంతో గాక, పారతో జాగ్రత్తగా తవ్వించాలి.

నిర్మాణ సమయంలో: వీలైనంతవరకు గొట్టాన్ని కొత్త గది వెలుపలికి మళ్లించడం ఉత్తమం. పునాది కంటే గొట్టం దిగువన, దగ్గరగా ఉన్నట్లయితే పునాదిని గొట్టం అడుగు మట్టం వరకు దింపాలి. అప్పుడు గోడ బరువు గొట్టంపై పడదు. గొట్టం గోడ గుండా వెళ్లే చోట పైన లింటెల్ వేసి, చుట్టూ రెండంగుళాల ఖాళీ విడిచి, ఎలుకలు దూరకుండా ఇరువైపులా రేకుతో మూయాలి. గచ్చు కింద అడుగు మట్టి కూడా లేని గొట్టానికి చుట్టూ నాలుగు నుండి ఆరంగుళాల కాంక్రీటు తొడుగు అవసరం. నాలుగంగుళాల గొట్టానికి సుమారు 60 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. పూడ్చేముందు దిగువ చివర మూసి, నీరు నింపి, మట్టం తగ్గుతున్నదేమో పరిశీలించాలి. గొట్టంపై రాళ్లు లేని మెత్తని మట్టినే వేయాలి.

చాంబరును గది కింద కప్పివేయరాదు. కప్పివేసినచో పూడిక తీయడానికి మార్గముండదు. చివరకు ఎవరినైనా లోనికి దింపే దుస్థితి ఏర్పడుతుంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులలోని విషవాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ సాధనాలు లేకుండా మనుషులతో వాటిని శుభ్రం చేయించడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు చెల్లించే పరిహారాన్ని సర్వోన్నత న్యాయస్థానం 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది.

అనుమతి: భవనం చుట్టూ విడువవలసిన ఖాళీ స్థలాన్ని 2012 ఏప్రిల్ 7 నాటి 168వ ప్రభుత్వ ఉత్తర్వు నిర్దేశించింది. కావున గృహ యజమానులు ముందుగా పట్టణ ప్రణాళికా విభాగాన్ని సంప్రదించి, గొట్టం మార్గాన్ని ఇంటి నక్షాలో గుర్తించి భద్రపరచుకోవలసిందిగా కోరడమైనది.