మృతుని పన్ను, వారసుని హద్దు

రెంజల్ ప్రాంతమున ఇంటి పెద్ద గతించినచో, కర్మలు ముగిసిన పిదప కుటుంబమువారు ఆయన పెట్టె తెరతురు. పట్టా కాగితములు, ఫ్యాక్టరీకి చెరకు తోలిన నాటి రసీదులు, బ్యాంకి పుస్తకము, బోధనులోని దుకాణపు అద్దె పత్రము బయటపడును. అప్పుడు కుమారునికి ఒక భయము పుట్టును: తండ్రి చెల్లింపని పన్ను తన మెడకు చుట్టుకొనునా? శ్రోతలలో పెక్కుమందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు ప్రశ్నయే ఇది. దీనికొక చరిత్ర కలదు.

మన దేశమున ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టెను. 1922 నాటి చట్టము సమగ్రమైనదే కాని, పన్ను నిర్ణయము కాకమునుపే మరణించినవాని సంగతి అందులో లేదు. 1930లో రీడ్ వ్యవహారమున బొంబాయి హైకోర్టు, అట్టివానిపై పన్ను నిర్ణయించుటకు చట్టమున దారి లేదని తీర్పు చెప్పెను. ఈ లోపమును సవరించుటకై 1933లో 24-బి విభాగము చేర్చబడెను. మృతుని తరఫున వారసుడే లెక్క చూపి పన్ను కట్టవలెను. అయితే మృతుడు విడిచిన ఆస్తి భరింపగలిగినంత వరకే.

ఈ హద్దే ముఖ్యము. తండ్రి ఋణము తీర్చుట కుమారుని ధర్మమని పూర్వశాస్త్రములు చెప్పినవి. ఈ చట్టము పన్నుబాకీని ఆస్తికి కట్టినది గాని కుమారుని కష్టార్జితమునకు కట్టలేదు. 1961 చట్టపు 159వ విభాగమును ఈ సూత్రమునే నిలిపి, ఒక హెచ్చరిక చేర్చినది: బాకీ తీర్చక ఆస్తిని అన్యాక్రాంతము చేసిన వారసుడు, ఆ ఆస్తి విలువ మేరకు స్వయముగా బాధ్యుడగును.

హైదరాబాదు ప్రాంతమునకు భారత ఆదాయపు పన్ను చట్టము 1950 ఏప్రిల్ 1 నుండి వర్తించెను. బోధను చెరకు పొలములకు నీరిచ్చిన నిజాంసాగరము ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున కట్టబడినదే. ఆయన 1967 ఫిబ్రవరి 24న మరణించెను. ఆయన సంపద పన్ను వ్యవహారమున సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది 1986 అక్టోబరులో! సొమ్ము పూర్తిగా పుచ్చుకొనియు రిజిస్ట్రీ చేయని ఆస్తులు ఆయనవిగానే లెక్కకు వచ్చునని కోర్టు నిర్ణయించెను. ప్రభువు గతించిన పంతొమ్మిదేండ్లకు గాని ఆ లెక్క తేలలేదు.

సొంత పొలమున పండిన చెరకు రాబడి వ్యవసాయాదాయము. దానిపై కేంద్రము పన్ను వేయజాలదు. దుకాణపు అద్దె, బ్యాంకి వడ్డీ అట్టివి కావు. ఏప్రిల్ 1 మొదలు మరణదినము వరకు వచ్చినది మృతుని లెక్క. ఆపై వచ్చునది వారసుల లెక్క. మరణ ధ్రువపత్రము, వారసత్వపు ఆధారము, ఇరువురి పాన్ సంఖ్యలు చూపి వారసుడు నమోదు చేసికొనిన పిదప, మృతుని పేర రిటర్ను దాఖలు చేయవచ్చును.

కావున ఆ పెట్టెలోని కాగితములు పంపకమునకు పోకమునుపు లెక్కకు రావలెను. తండ్రి బాకీ తండ్రి ఆస్తితోనే తీరును; పంచుకొని అమ్ముకొనిన పిదప మాత్రము అది కుమారుని గుమ్మము తొక్కును.