థాయ్, ఖ్మేర్ తాయెత్తులు: ఆకర్షణ మంత్రమా, మైత్రీ ధ్యానమా?

ఇండియా ప్రయాణంలో బాంకాక్‌లో ఒకటి రెండు రోజులు ఆగినవాళ్ళకి ఈ దృశ్యం పరిచయమే. ట్యాక్సీ డ్రైవర్ అద్దానికి, హోటల్ కుర్రాడి మెడకి, బ్యాంకు ఉద్యోగి చొక్కా లోపలి గొలుసుకి బుద్ధుడి బొమ్మ ఉన్న చిన్న బిళ్ళలు వేలాడుతుంటాయి. వాటిని థాయ్ భాషలో "ఫ్రా ఖ్రుయాంగ్" అంటారు. మన తాయెత్తులకు దగ్గరి చుట్టాలన్నమాట. వీటిలో ఒక రకాన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో "ధ్యానంలో వాడండి, కోరుకున్న మనిషి మీ వెంట పడతారు" అంటూ వందల డాలర్లకు అమ్ముతున్నారు. పెళ్ళి సంబంధాలు కుదరక విసిగిపోయిన మిత్రుడొకడు అలాంటిది కొనబోతూ, అందులో నిజమెంత అని నన్నడిగాడు. నేను పాళీ పండితుణ్ణి కాను, రోజూ కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ ఈ విషయం మీద నాలుగైదేళ్ళుగా దొరికింది చదువుతున్నాను. తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాను.

పేర్లలోనే సగం కథ

ఆకర్షణను థాయ్‌లో "సనే" అంటారు, కంబోడియా వాళ్ళ ఖ్మేర్ భాషలో "స్నే" అంటారు. రెండూ మన "స్నేహం" అన్న సంస్కృత పదం నుంచి వచ్చినవే. సంస్కృతంలో స్నేహమంటే నూనె అనే అర్థం కూడా ఉందని గుర్తుండే ఉంటుంది. అక్కడి ఆకర్షణ ప్రయోగాల్లో నూనెలూ లేపనాలూ ఎక్కువ కావడం తమాషాగా అనిపిస్తుంది. మంత్రాన్ని "ఖాథా" అంటారు, అది పాళీ "గాథ". యంత్రాన్ని "యాన్" అంటారు. గురువు రెండు భాషల్లోనూ "క్రూ". తాయెత్తుల అంగడిలో వినబడే ముఖ్యమైన మాట "మెత్తా మహానియోం". మెత్తా అంటే మైత్రి. మహానియోం అంటే పదిమందికీ ఇష్టుడు కావడం.

ఈ యంత్రాలను థాయ్‌లాండ్‌లో కూడా మామూలు థాయ్ లిపిలో కాకుండా "ఖోమ్" లిపిలో, అంటే పాత ఖ్మేర్ లిపిలో రాస్తారు. ఒకప్పుడు అక్కడి మఠాల్లో పాళీ గ్రంథాలు రాసుకున్నది ఈ లిపిలోనే. ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుంచి పుట్టింది. పల్లవ లిపీ, మన తెలుగు లిపీ రెండూ దక్షిణాది బ్రాహ్మి సంతానమే.

ఎన్ని రకాలు?

అన్ని తాయెత్తులూ ఆకర్షణకు కావు. బాంకాక్‌లోని వాట్ రఖాంగ్‌కు చెందిన సోమ్‌దెత్ తో (1788–1872) అనే మహాభిక్షువు పేరుతో ప్రసిద్ధమైన "ఫ్రా సోమ్‌దెత్" బిళ్ళలను ప్రధానంగా రక్షణకూ శుభానికీ ధరిస్తారు. ఆకర్షణ కోసమని చెప్పేవి ముఖ్యంగా ఇవి:

సాలికా: మన సంస్కృత "శారిక", అంటే గోరువంక. మాట తీయగా ఉండాలని కోరుకునేవాళ్ళు, ముఖ్యంగా వ్యాపారులూ గాయకులూ, చిన్న లోహపు గోరువంకనో, ఆ పేరుతో చుట్టిన రేకునో దగ్గర ఉంచుకుంటారు.

తాక్రుట్: యంత్రం చెక్కి గొట్టంలా చుట్టిన లోహపు రేకు. మన రక్షరేకు చూసినవాళ్ళకు వివరించక్కర్లేదు.

సీ ఫుంగ్: మంత్రించిన తేనెమైనం. ఎవరితోనైనా ముఖ్యమైన మాట మాట్లాడబోయే ముందు పెదవులకు కాస్త రాసుకుంటారు.

ఖున్ ఫేన్: "ఖున్ చాంగ్ ఖున్ ఫేన్" అనే ప్రసిద్ధ థాయ్ జానపద కావ్యంలోని కథానాయకుడి పేరు మీద వచ్చిన బిళ్ళ. అతడు వీరుడు, మాంత్రికుడు, ఆడవాళ్ళ మనసు దోచినవాడు. అమ్మేవాళ్ళు ఇంతవరకే చెబుతారు. అదే కథలో అతడు తన భార్యల్లో ఒకామెను చంపి, ఆమె గర్భంలోని శిశువును తనకు ఊడిగం చేసే ఆత్మగా మార్చుకుంటాడు. ఆ సంగతి మాత్రం ప్రకటనల్లో కనిపించదు.

వీటికి అట్టడుగున "నమ్ మన్ ఫ్రాయ్" అనే ప్రేతతైలం లాంటివి ఉన్నాయి. శవం నుంచి తీసిన నూనె అని చెబుతారు. థాయ్ బౌద్ధుల్లోనే చాలామంది వీటిని ఛీ కొడతారు.

ధ్యానంలో వాడకం

పద్ధతి గురువుని బట్టి మారుతుంది కానీ స్థూలంగా ఇలా ఉంటుంది. స్నానం చేసి, బుద్ధుడి ముందు కూర్చుని, తాయెత్తును రెండు అరచేతుల మధ్య ఉంచుకుని నమస్కరిస్తారు. బుద్ధ వందనం మూడుసార్లు చెబుతారు. తర్వాత గురువిచ్చిన ఖాథాను మూడుసార్లో, తొమ్మిదిసార్లో జపిస్తారు. తొమ్మిది అక్కడ శుభసంఖ్య. ఆ అంకె పేరు "ముందడుగు" అన్న మాటలా వినిపిస్తుంది. ఆపైన శ్వాస మీద మనసు నిలిపి, చివర్లో "ఫే మెత్తా" చేస్తారు. అంటే తన మేలు, తనవాళ్ళ మేలు, శత్రువుల మేలు, సర్వప్రాణుల మేలు వరసగా కోరుకోవడం.

ఎక్కువగా వినబడే జపం "న మో బు ద్ధా య" అనే అయిదు అక్షరాలు. ఈ కల్పంలోని అయిదుగురు బుద్ధులకు ఒక్కొక్క అక్షరం చొప్పున గుర్తు. శివ పంచాక్షరి ఎరిగినవాళ్ళకి ఈ పోలిక వెంటనే తడుతుంది. కంబోడియాలో ఒక ప్రాచీన ధ్యాన సంప్రదాయం ఉంది. ఈ అక్షరాలను శరీరంలోని వేర్వేరు చోట్ల నిలుపుకుంటూ సాధన చేస్తారు, మన అంగన్యాసం లాగా. ఫ్రెంచ్ పండితుడు ఫ్రాన్స్వా బిజో 1970ల నుంచి దీని మీద రాస్తూ వచ్చారు. ఖ్మేర్ రూజ్ పాలనలో (1975–79) భిక్షువులనూ క్రూలనూ చంపి, మఠాలను పాడుబెట్టడంతో ఈ విద్యలో చాలా భాగం గురువులతోనే పోయింది. కాబట్టి ఎవరైనా "వెయ్యేళ్ళ అచ్చమైన ఖ్మేర్ రహస్యం" అని అమ్ముతుంటే, ఆ గురుపరంపర ఎక్కడిదని అడగడం మన హక్కు.

పదకొండు ఫలాలు

అసలు మైత్రికీ ఆకర్షణకూ ముడి ఎక్కడ పడింది? పాళీ త్రిపిటకంలోని అంగుత్తర నికాయంలో మైత్రీ భావనకు పదకొండు ఫలాలు చెప్పారు. హాయిగా నిద్రపడుతుంది, హాయిగా మెలకువ వస్తుంది, పీడకలలు రావు, మనుషులకు ప్రియమవుతాడు, మనుషులు కానివారికీ ప్రియమవుతాడు, దేవతలు కాపాడతారు, అగ్ని, విషం, ఆయుధం అంటవు, మనసు త్వరగా కుదురుతుంది, ముఖం ప్రసన్నంగా ఉంటుంది, చనిపోయేటప్పుడు కలవరం ఉండదు, పై సిద్ధి కలగకపోయినా బ్రహ్మలోకం దక్కుతుంది.

తాయెత్తుల బజారంతా ఈ జాబితాలోనే ఉందనిపిస్తుంది నాకు. "మనుషులకు ప్రియమవుతాడు" అన్నది మెత్తా మహానియోం దుకాణం. "ఆయుధం అంటదు" అన్నది సైనికులూ పోలీసులూ కొనే రక్ష తాయెత్తుల దుకాణం. తేడా ఒక్కటే. అక్కడ చెప్పినవి సాధనకు ఫలాలు. ఇక్కడ సాధన లేకుండా ఫలాన్ని మాత్రం తూకం వేసి అమ్ముతున్నారు. మా భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ ఇవ్వకుండా అవుట్‌పుట్ కోరడం.

గోడతో యుద్ధం

ఈ విషయంలో అసలైన హెచ్చరిక అయిదో శతాబ్దంలోనే వచ్చింది. శ్రీలంకలో "విశుద్ధిమగ్గ" రాసిన బుద్ధఘోషుడు గుంటూరు ప్రాంతం నుంచి వెళ్ళినవాడని కొందరు పండితుల అభిప్రాయం. మైత్రీ ధ్యానం ఎలా చేయాలో ఆయన మెట్టు మెట్టుగా చెప్పాడు. ముందు తన మీద మొదలుపెట్టాలి, తర్వాత గౌరవనీయుడైన వ్యక్తి మీద, ఆ తర్వాత మిగతావారి మీద. స్త్రీ అయితే ఫలానా పురుషుడి మీద, పురుషుడైతే ఫలానా స్త్రీ మీద గురిపెట్టి మాత్రం చేయకూడదు. ఎందుకంటే మైత్రికి పక్కింటి శత్రువు రాగం. ద్వేషం దూరపు శత్రువు, దాన్ని గుర్తుపట్టడం తేలిక. రాగం మాత్రం మైత్రి వేషంలోనే వస్తుంది.

దీనికి ఆయన ఒక కథ చెప్పాడు. ఒక గృహస్థు ఎవరి మీద మైత్రిని భావించాలని స్థవిరుణ్ణి అడిగాడు. ప్రియమైన వ్యక్తి మీద అన్నాడాయన. ఈయనకు ప్రియమైనది భార్య. రాత్రంతా ఆమెను తలుచుకుంటూ ధ్యానం చేసి, చివరికి గోడతో యుద్ధం చేశాడట. వ్యాఖ్యానంలో వివరం ఉంది. తలుపు వేసుకుని కూర్చున్నవాడు మోహం కమ్మి, తలుపెక్కడుందో తెలియక, భార్య దగ్గరికి వెళ్ళాలని గోడను బాదాడని.

ఒక మనిషి ఫోటో ముందు పెట్టుకుని, తాయెత్తు పట్టుకుని, "నా వైపు రా" అని జపించడం సరిగ్గా ఈ గోడ బాదడమే. అది మైత్రీ ధ్యానం కాదు, మన వశీకరణమే. పైగా అవతలి మనిషి ఇష్టానిష్టాలకు అందులో చోటే లేదు. ఆ ప్రయోగం మన చెల్లెలి మీదో అక్క మీదో ఎవరైనా చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

మరి పనిచేస్తుందా అంటే, తాయెత్తులోంచి ఏ శక్తీ బయటికి వచ్చి ఇంకొకరి మనసు మారుస్తుందని నేను నమ్మను. కానీ రోజూ ఇరవై నిమిషాలు కుదురుగా కూర్చుని పదిమంది మేలు కోరే మనిషి ముఖంలో చిరాకు తగ్గుతుంది, ఎదుటివారి మాట వినే ఓపిక పెరుగుతుంది. అలాంటివారిని జనం ఇష్టపడటంలో వింతేముంది? చేతిలోని బిళ్ళ సాధనను గుర్తుచేస్తే మంచిదే, జపమాల లాగా.

బజారు, చట్టం

థాయ్ మర్యాదలో తాయెత్తును కొన్నామనరు, "అద్దెకు తీసుకున్నాం" అంటారు. మాట మర్యాదదే అయినా వ్యాపారం వ్యాపారమే. 2006–07లో నఖోన్ సీ థమ్మరాట్ పట్టణం నుంచి జతుఖామ్ రామథేప్ అనే బిళ్ళల వేలం వెర్రి లేచింది. ధరలు ఆకాశాన్నంటి, 2007 ముగిసేలోగా కూలిపోయాయి. సరకు మిగిలినవాళ్ళు మునిగారు. బుద్ధదాస భిక్షువు (1906–1993) వంటివారు అంతకు చాలా ముందు నుంచే ఇలాంటి మూఢత్వాన్ని విమర్శించారు.

కొనదలచుకుంటే కొన్ని జాగ్రత్తలు. బాంకాక్‌లో తా ఫ్రా చాన్ బజారులో భూతద్దం పెట్టి చూసే నిపుణులే నకిలీలకు మోసపోతుంటారు, మనమెంత? ఏనుగు దంతం, పులి కోర, పులి చర్మం వాడినవి ముట్టుకోవద్దు. అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం కింద వాటితో సరిహద్దు దాటితే జైలు దాకా వెళ్ళే కేసు. మానవ అవశేషాలున్నాయని చెప్పే దేని జోలికీ పోవద్దు. 2012లో బంగారు రేకు తాపిన పిండాలతో బాంకాక్‌లో ఒక విదేశీయుడు అరెస్టయ్యాడు. బుద్ధుడి బొమ్మ ఉన్నదాన్ని నడుముకు పైనే ధరించాలి, ప్యాంటు జేబులో వేసుకుంటే అక్కడివారు నొచ్చుకుంటారు. ఇక ధర సంగతి. గుడిలో హుండీలో కొంత వేసి తీసుకునే మామూలు బిళ్ళ చాలు. మైత్రీ భావనకు అంతకన్నా ఖరీదైనది అవసరం లేదు, అది కూడా లేకపోయినా సాధన ఆగదు.